పట్టే ముందు పోల్చుకుందాం

ఏటా జూన్ ఒకటో తేదీ వస్తోందంటే మా ఆల్బరీ, వొడోంగా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బకెట్ల ఫొటోలు మొదలవుతాయి. ఆస్ట్రేలియాలో ముర్రే నదికి ఆ ఒడ్డున ఆల్బరీ, ఈ ఒడ్డున వొడోంగా. జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా, అంటే ఇక్కడి చలికాలం మూడు నెలలూ, రొయ్యను పోలిన పెద్ద డెక్కల ముర్రే క్రేఫిష్‌ను పట్టుకోవడానికి అనుమతి ఉంటుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు ఇంకా కరగకముందే ఫ్లాస్కుల్లో టీ పోసుకుని, ఉన్ని టోపీలు పెట్టుకుని మనవాళ్లు నదికి బయల్దేరతారు. వెళ్లాలి కూడా. గోదావరి, కృష్ణా కాలువల పక్కన పుట్టి పెరిగినవాళ్లకు నీటి దగ్గరకు వెళ్లకుండా ఎలా ఉంటుంది? నా బాధల్లా, పట్టుకున్నదేమిటో తెలియకుండానే ఇంటికి తెచ్చుకుని వండేస్తున్నారని.

ఆ మధ్య మార్చి నెలలో ఒకాయన గ్రూపులో బకెట్ ఫొటో పెట్టారు. "ఈసారి యాబీలు భలే సైజువి దొరికాయి" అని కింద రాశారు. నిమిషాల్లో సలహాలు వచ్చిపడ్డాయి. ఇగురు పెట్టమని ఒకరు, గసగసాలు నూరి పులుసు చెయ్యమని ఒకరు, చింతచిగురు దొరికితే ఎంత బాగుండునో అని ఇంకొకరు. నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. నల్లపచ్చటి ఒళ్లు, తోక పొడవునా వరసలు కట్టిన ముళ్లు, ముందు రెండు పెద్ద తెల్లటి డెక్కలు. యాబీలనే నున్నటి డెక్కల క్రేఫిష్ రకం కావవి, ముర్రే క్రేఫిష్‌లు. సీజను కాదు. పైగా ఒక మనిషి పట్టుకోదగిన లెక్క ఎప్పుడో దాటిపోయింది. ఫోను చేశాను. "అన్నయ్యగారూ, అవి యాబీలు కావండీ" అనగానే ఆయన నిజంగానే కంగారుపడ్డారు. "రెండూ ఒకటే అనుకున్నానమ్మా. బాగా ముదిరితే ఒంటి మీద అలా ముళ్లొస్తాయేమో అనుకున్నా" అన్నారు. చట్టాన్ని లెక్కచెయ్యని మనిషి కారాయన. రోడ్డు మీద స్పీడు లిమిటు ఒక్క కిలోమీటరు కూడా దాటరు. ఆయనకు ఈ సంగతి ఎవరూ చూపించి చెప్పలేదు, అంతే.

నేనిక్కడ ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. పుట్టింది భీమవరం దగ్గర పల్లెలో. మా నాన్నగారిది రొయ్యల చెరువు. మైక్రోస్కోపులో చూడటం నా ఉద్యోగం కాబట్టి, రొయ్యల మధ్య పెరిగాను కాబట్టి, ఈ నదిలో క్రేఫిష్‌ను మొదటిసారి చూసినప్పుడు దాన్ని వదిలిపెట్టలేకపోయాను. ఇక్కడి నదీ సంరక్షణ బృందంలో చేరి, తెలిసినవాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని నేర్చుకున్నాను. నదుల్ని కాపాడాలని మనం సభల్లో చాలా మాట్లాడతాం. నదిలో ఉన్న ఒక ప్రాణిని చేతిలోకి తీసుకుని ఇది ఫలానా అని చెప్పగలిగేవాళ్లు మనలో ఎందరు? పేరు తెలియని దాని గురించి అది తగ్గిపోతోందని ఎలా తెలుస్తుంది? నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: క్రేఫిష్‌ను కాపాడాలంటే ముందు దాన్ని పోల్చుకోవడం నేర్చుకోవాలి. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లూ నేర్చుకోవాలి. కారణం వేరైనా, ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లూ నేర్చుకోవాలి.

మన నీలకంఠ రొయ్యను ఎరిగినవాళ్లు క్రేఫిష్‌ను చూసి అదీ ఒక రకం రొయ్యే అనుకుంటారు. దగ్గరగా చూస్తే తేడాలు దొరుకుతాయి. నీలకంఠ రొయ్యకున్న పొడవాటి డెక్కలు దాని రెండో జత కాళ్లు. క్రేఫిష్‌కు మొట్టమొదటి జతే పెద్ద డెక్కలు, వాటి వెనక మరో రెండు జతల కాళ్ల చివర కూడా బుల్లి పట్టకార్లు ఉంటాయి. రొయ్య ఒళ్లు రెండు పక్కల నుంచీ నొక్కినట్టు ఉండి ఈతకు అనువుగా ఉంటుంది. క్రేఫిష్ ఒళ్లు బరువు, పెంకు దళసరి. అది నది అడుగున నడుస్తుంది. భయపడితే తోకతో ఒక్క విసురు విసిరి వెనక్కి దూసుకుపోతుంది.

ఇక యాబీకీ ముర్రే క్రేఫిష్‌కూ తేడా. క్రేఫిష్‌ను పట్టుకోవాల్సింది వీపు మీద, డెక్కల వెనకాల, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. అలా పట్టుకుని డెక్క మీద వేలితో తడమండి. నున్నగా తగిలితే యాబీ. గరుకు ముళ్లు గుచ్చుకుంటే ముళ్ల క్రేఫిష్ జాతి, దాంట్లో ముర్రే ఒకటి. తర్వాత తోక చూడండి. యాబీ తోక నునుపు. ముర్రే తోక మీద ప్రతి కణుపుకూ కొనదేరిన ముళ్లుంటాయి. తల చిప్ప మీద కళ్ల వెనక నిలువుగా నాలుగు మిట్టలు కనిపిస్తే అది యాబీయే. రంగును మాత్రం నమ్మవద్దు. యాబీ ఉన్న నీటిని బట్టి గోధుమ రంగులోనూ, ఆకుపచ్చలోనూ, నీలంలోనూ, దాదాపు నలుపులోనూ కనిపిస్తుంది. ముర్రేకు తెల్ల డెక్కలే గుర్తు అని చాలామంది చెబుతారు. బాగా ఎదిగినవాటికి అది సరిపోతుంది గానీ, పిల్లల డెక్కలు అంత తెల్లగా ఉండవు. ముళ్లు మాత్రం పిల్లలకూ ఉంటాయి.

తర్వాత వెల్లకిలా తిప్పండి. కాళ్లు శరీరాన్ని కలిసే చోట, డెక్కలను మొదటి జతగా లెక్కపెడితే, మూడో జత మొదట్లో గుండ్రటి రంధ్రాలు ఉంటే ఆడది. ఐదో జత మొదట్లో ఉంటే మగది. ఆడదాని తోకను మెల్లగా విప్పి చూస్తే, అడుగున ఈత రెక్కలకు గుత్తులుగా అంటుకున్న గుడ్లు కనిపించవచ్చు. కనిపిస్తే ఇంకేమీ కొలవక్కర్లేదు. యాబీ అయినా ముర్రే అయినా వెంటనే, పట్టుకున్న చోటే, నీళ్లలో వదలాలి. ముర్రే అయి గుడ్లు లేకపోతే స్కేలు తియ్యాలి. కంటి గుంత వెనక అంచు నుంచి తల చిప్ప వెనక అంచు మధ్య దాకా కొలవాలి. తోకను, ముక్కు మీది ముల్లును లెక్కలోకి తీసుకోకూడదు. ఆ కొలత 10 సెంటీమీటర్లకు తక్కువున్నా, 12కు ఎక్కువున్నా వదిలెయ్యాలి. మధ్యలో ఉన్నవాటిలో మనిషికి రోజుకు రెండే. యాబీలకైతే పరిమితి దీనికంటే చాలా ఎక్కువ. అందుకే యాబీ అనుకుని ముర్రేను నింపుకోవడం ఇంత తేలిగ్గా జరుగుతోంది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల మధ్య పారే ముర్రే నీళ్లు న్యూ సౌత్ వేల్స్‌వి. విక్టోరియా గట్టున నిలబడి వల వేసినా న్యూ సౌత్ వేల్స్ లైసెన్సే ఉండాలి. నదిలో అన్నిచోట్లా అనుమతి లేదు కూడా. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు ఆ ఏటి పుస్తకం చూసుకోవాలి.

ఇలా చేతిలో పట్టుకుని చూసినప్పుడు కొందరు వాటిని విసిరికొట్టడం గమనించాను. డెక్కల మీద, కడుపు కింద తెల్లటి నలకలు కదులుతుంటాయి. పురుగు పట్టింది, జబ్బు చేసింది అనుకుంటారు. ఒకసారి అలాంటి నలకను నీటి చుక్కలో పెట్టి లెన్సు కింద చూశాను. ముందు వైపు ఐదు సన్నటి వేళ్లు, వెనక అంటుకోవడానికి ఒక గుండ్రటి పీఠం. ఆ వేళ్లు చాపుతూ, ముడుస్తూ, పీఠం ఎత్తిపెడుతూ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. టెమ్నోసెఫలా అంటారు వాటిని. క్రేఫిష్ నెత్తురు తాగవు, దానికి హాని చెయ్యవు. దాని మీద నివాసముండి నీళ్లలో దొరికే సూక్ష్మజీవులను తిని బతుకుతాయి. గుడ్లు కూడా ఆ పెంకు మీదే అతికిస్తాయి. ఒక్కొక్క రకం ముళ్ల క్రేఫిష్‌నే నమ్ముకున్న టెమ్నోసెఫలాలు ఉన్నాయి. ఆ క్రేఫిష్ పోయిన రోజున అవీ పోతాయి. వాటిని చూసిన తర్వాత నాకు క్రేఫిష్‌ను ఒక్క ప్రాణిగా లెక్కపెట్టడం చేతకావడం లేదు.

క్రేఫిష్ ఎందుకింత సులువుగా నశిస్తుందో దాని గుడ్డును బట్టి తెలుస్తుంది. మన నీలకంఠ రొయ్య పిల్ల గుడ్డులోంచి రాగానే తల్లిలా ఉండదు. నీళ్లలో తేలే నలుసుగా పుట్టి, ఉప్పు కలిసిన నీళ్లలో పెరిగి, తర్వాత మంచినీళ్లలోకి ఎగబాకాలి. అందుకే ధవళేశ్వరంలో అడ్డం కట్టిన ఆనకట్ట దాని బతుకుకు అంత పెద్ద విషయం. క్రేఫిష్‌కు ఆ మజిలీ లేదు. గుడ్డులోంచి బయటికొచ్చేసరికే అది బుల్లి క్రేఫిష్. కొన్నాళ్లు తల్లి తోక కింద వేలాడి, తర్వాత విడిపోతుంది. దానికి సముద్రంతో పనిలేదు. పుట్టిన వాగులోనే పెరిగి, అక్కడే పిల్లలను కని, అక్కడే చస్తుంది. ఫలితంగా ఆస్ట్రేలియా తూర్పు కొండల్లో ఒక్కో ఎత్తైన వాగుకు ఒక్కో జాతి ఏర్పడింది. ముళ్ల క్రేఫిష్‌లే యాభైకి పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి ఇప్పుడు ముప్పు ఉంది. కొన్నింటికి ఒకే ఒక్క కొండ తల ఇల్లు. ఆ వాగులో అవి ఖాళీ అయితే ఇంకెక్కడి నుంచీ వచ్చి చేరవు. 2015లో అచ్చయిన అంతర్జాతీయ పరిశీలనలో, ప్రపంచంలోని 590 క్రేఫిష్ జాతులను అంచనా వేస్తే వాటిలో 32 శాతానికి అంతరించే ముప్పు ఉందని తేలింది.

ముర్రే క్రేఫిష్ ఆడది పిల్లలను కనే వయసుకు రావడానికి ఎనిమిది తొమ్మిదేళ్లు పడుతుంది. శరదృతువు చివర మే నెలలో జతకట్టి, చలికాలమంతా గుడ్లను తోక కింద మోసి, అక్టోబరు, నవంబరు దాకా పిల్లలను విడువదు. సగం ఏడాది మోత అది. పాతికేళ్లకు పైగా బతకగల ప్రాణి. నాన్నగారి చెరువులో నాలుగు నెలలకు పట్టుబడికి వచ్చే రొయ్యతో దీనికి పోలికే లేదు. ఇవాళ ప్లేటులోకి వచ్చిన పెద్ద ఆడ ముర్రే మా అబ్బాయి కన్నా వయసులో పెద్దదై ఉండవచ్చు. 12 సెంటీమీటర్లు దాటినదాన్ని వదిలెయ్యమన్న నిబంధన నాకు అందుకే నచ్చింది. అందరూ చిన్నదాన్ని వదిలి పెద్దదాన్ని ఉంచుకోవడం న్యాయం అనుకుంటారు. ఎక్కువ గుడ్లు పెట్టేది ఆ పెద్దదే.

2010 చివరి నెలల్లో పదేళ్ల కరువు తీరి ముర్రేకు వరదలొచ్చాయి. ఒడ్డున ఉన్న యూకలిప్టస్ అడవుల్లో ఏళ్ల తరబడి రాలిన ఆకు, బెరడు అంతా ఒక్కసారి నీళ్లలో నానింది. నది డికాక్షన్ రంగుకు తిరిగింది. ఆకులను కుళ్లబెట్టే బాక్టీరియా నీళ్లలో ఆక్సిజన్‌ను తినేసింది. చేపలు తేలాయి. ముర్రే క్రేఫిష్‌లు ఊపిరాడక నీళ్లు వదిలి గట్టెక్కాయి. చెట్ల మొదళ్లు పట్టుకుని, బురద మీద, ఎండలో, గుంపులు గుంపులుగా. వాటిని అలా చూసిన ముసలి రైతులు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆగి మాట్లాడతారు. ఆ నల్లనీళ్లు పారిన చోట్ల తర్వాత వలలు వేసి లెక్కగడితే ముర్రే క్రేఫిష్ సంఖ్య 81 శాతం పడిపోయింది. ఐదింట నాలుగు వంతులు పోయాయన్న మాట. ఎనిమిది తొమ్మిదేళ్లకు గాని ఈడుకు రాని ప్రాణికి అలాంటి దెబ్బ నుంచి లేవడానికి ఒక తరం పడుతుంది. మా ఎగువ భాగంలో నీళ్లు చల్లగా ఉండి, ఆ దెబ్బ తగలకపోవడం వల్ల ఇంకా దొరుకుతున్నాయి. దొరుకుతున్నాయి కాబట్టే ఇక్కడ జాగ్రత్త ఎక్కువ అవసరం.

ఈ మాట చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. "డ్యాములు కట్టి, నీళ్లన్నీ పొలాలకు మళ్లించి, నదిలో పడిన చెట్లను పీకేసి, పురుగుమందులు కలిపి నాశనం చేసింది వాళ్లు. మా బకెట్టుతోనే వచ్చిందా?" నిజమే, పెద్ద నష్టం బకెట్టుతో జరగలేదు. హ్యూమ్ డ్యామ్ 1936లో పూర్తయ్యాక ఈ నది స్వభావమే మారిపోయింది. నీళ్లలో పడిన చెట్టు దుంగ క్రేఫిష్‌కు ఇల్లు. పడవలకు అడ్డమని ఒకప్పుడు ఆ దుంగలన్నీ తీయించారు, ఇప్పుడు తిరిగి వేయిస్తున్నారు. కానీ ఇన్ని దెబ్బలు తిని మిగిలిన కొద్దిపాటి తల్లులను వలలో ఎత్తేది మనిషి చెయ్యే. డ్యామును నేను కదల్చలేను. గుడ్ల తల్లిని తిరిగి నీళ్లలో పెట్టగలను.

మొత్తంగా పట్టడమే నిషేధించాలని మా బృందంలో కొందరంటారు. టాస్మానియాలో అలాగే చేశారు, అక్కడ అది సరైన పని. ఆ ద్వీపం ఉత్తర నదుల్లో ఉండే క్రేఫిష్ ప్రపంచంలోని మంచినీటి వెన్నెముక లేని జీవులన్నిటిలోకీ పెద్దది. ఒకప్పుడు ఆరు కిలోల దాకా తూగినవి ఉండేవి. ఆడది ఈడుకు రావడానికి పద్నాలుగేళ్లు, ఆపై రెండేళ్లకోసారి మాత్రమే గుడ్లు. 1998 నుంచి దాన్ని పట్టడం నేరం. ముర్రే విషయంలో మాత్రం నేను నిషేధం పక్షాన లేను. ఏటా చలిలో నదికి వెళ్లి, వల ఎత్తి, కొలిచి, వదిలే మనుషులకే ఈసారి తగ్గాయన్న సంగతి ముందు తెలుస్తుంది. వాళ్లు నదికి రావడం మానేస్తే దాని తరఫున అడిగేవాళ్లు కూడా తగ్గుతారు.

వలల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సిడ్నీ ఒపేరా హౌస్ ఆకారంలో, చుట్టూ మూసి ఉండే వలలు ఒకప్పుడు ప్రతి దుకాణంలో అమ్మేవారు. లోపలికి దూరిన ప్లాటిపస్, నీటి ఎలుక, తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకునే దారి లేక చచ్చిపోయేవి. విక్టోరియా వీటిని 2019 జూలై 1 నుంచి, న్యూ సౌత్ వేల్స్ 2021 ఏప్రిల్ 30 నుంచి నిషేధించాయి. అయినా పాత సామాను అమ్మే ఇళ్ల ముందు ఇప్పటికీ రెండు మూడు డాలర్లకు కనిపిస్తాయి. చవకగా వచ్చిందని మనవాళ్లు కొంటున్నారు. కొనకండి. ఇంట్లో ఉంటే ముక్కలు చేసి చెత్తలో వెయ్యండి. పైన తెరిచి ఉండే, ఇనుప కడియానికి అల్లిన వల చాలు.

ఎర విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఫ్రీజరులో ఉన్న దిగుమతి పచ్చి రొయ్యలను ఎరగా కట్టవద్దు, వాటిలో తెల్లమచ్చ వైరస్ ఉండవచ్చు. 1994లో ఆంధ్ర తీరం మీద తెల్లమచ్చ జబ్బు పడ్డప్పుడు నేను చిన్నపిల్లను. సాయంత్రం చూసిన చెరువు తెల్లారేసరికి వేరుగా ఉంది. టైగర్ రొయ్యలు గట్టు వారకు వచ్చి పడి ఉన్నాయి. నాన్నగారు ఒకదాని తల చిప్ప ఊడదీసి వెలుతురుకు పట్టి చూపించారు, లోపల గుండ్రటి తెల్ల మచ్చలు. ఆ ఏడు మా ఇంట్లో దీపావళి జరగలేదు. ఆ వైరస్ మనిషికి ఏమీ చెయ్యదు, ఫ్రీజరులో చావదు. రొయ్యకే కాదు, పీతకూ క్రేఫిష్‌కూ కూడా అంటుకుంటుంది. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది పక్క రొయ్యల చెరువుల్లో అదే జబ్బు బయటపడి, చెరువులన్నీ క్లోరిన్ పోసి ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆ కష్టం ఎలా ఉంటుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇక్కడి తెలుగు సంఘాలను నేను అడిగేది చిన్నది. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎంతో శ్రద్ధగా చేస్తున్నాం. సీజనుకు ముందు మే నెలలో ఒక శనివారం నది ఒడ్డున పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కూర్చుని, రెండు రకాలనూ చేతికిచ్చి చూపిస్తే చాలు. ప్రభుత్వ మత్స్యశాఖవాళ్లు పిలిస్తే వస్తారు, స్కేళ్లు ఉచితంగా ఇస్తారు. వాళ్ల కరపత్రం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులో రాసిస్తానని నేను ముందుకొచ్చాను. మిగతా ఊళ్లలో కూడా ఎవరో ఒకరు రావాలి. మా మామయ్యగారికి ఇంగ్లీషు రాదు. కానీ ఆయన చేతికి ముర్రేను ఇచ్చి తోక విప్పి చూపిస్తే, గుడ్లు చూసి ఇంకేమీ అడగకుండా నీళ్ల వైపు నడిచారు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. భారతదేశపు నీళ్లలో స్వతహాగా క్రేఫిష్ ఒక్కటి కూడా లేదు. మన మంచినీళ్లలో వాటి స్థానంలో ఉండేవి ఎండ్రకాయలు, రొయ్యలు. ఎండ్రకాయల్లోనే దేశమంతటా వందకు పైగా జాతులున్నాయి. అయితే కిందటిసారి విజయవాడ వెళ్లినప్పుడు మా మేనల్లుడు తన అక్వేరియం చూపించాడు. అందులో ముదురు నీలం క్రేఫిష్ ఒకటి రాళ్ల మధ్య డెక్కలు ఎత్తి నిలబడి ఉంది. దుకాణంలో బ్లూ లాబ్‌స్టర్ అని అమ్మారట. ఏ జాతిదో, ఏ దేశానిదో అమ్మినవాడికి తెలియదు. "అత్తా, పెద్దదైపోతే కాలువలో వదిలేస్తాలే" అన్నాడు. వాడు జీవకారుణ్యంతోనే అన్నాడు ఆ మాట. నాకు గుండె ఆగినంత పనైంది.

పైన చెప్పిన గుడ్డు సంగతే ఇక్కడ తిరగబడుతుంది. సముద్రంతో పనిలేని ప్రాణి కాబట్టి, కొత్త దేశంలో ఒక్క చెరువు దొరికినా, గుడ్లున్న తల్లి ఒక్కటి చేరినా చాలు. అమెరికాలోని లూసియానా ఎర్ర క్రేఫిష్‌ను 1970లో కెన్యాలోని నైవాషా సరస్సులో వదిలారు. నీటి కలువలను, అడుగున పెరిగే నాచు మొక్కలను మేసేసింది. అదే జాతిని 1970ల మొదట్లో స్పెయిన్‌లో గ్వాదల్‌కివీర్ నది పక్క చిత్తడి నేలల్లో పెంచడానికి తెచ్చారు. అక్కడివీ వరిపొలాలే. గట్లలో బొరియలు తవ్వి నీళ్లు నిలవనివ్వకుండా చేసింది. గోదావరి డెల్టా రైతు ఈ వాక్యం ఇంకోసారి చదవాలని నా కోరిక. జర్మనీ అక్వేరియంలలో 1990ల మధ్యలో బయటపడ్డ చారల క్రేఫిష్‌కైతే మగది కూడా అక్కర్లేదు. అన్నీ ఆడవే, అన్నీ ఒకే తల్లి నకళ్లు. ఒక్కదాన్ని తొట్టిలో ఉంచితే కొన్నాళ్లకు తొట్టి నిండుతుంది. అది మడగాస్కర్ చేరి వరిచేలలోనూ, చెరువుల్లోనూ వ్యాపించింది. ఆ ద్వీపానికి సొంత క్రేఫిష్‌లున్నాయి, వాటికిప్పుడు అది ముప్పు. అమెరికా క్రేఫిష్‌లు మోసుకెళ్లే బూజు తెగులు యూరప్ సొంత క్రేఫిష్‌లను పందొమ్మిదో శతాబ్దం నుంచి ఊడ్చేస్తూ వస్తోంది. ఆ తెగులు తమ నదుల్లోకి రాకూడదనే ఆస్ట్రేలియా బయటి క్రేఫిష్‌ను గడప దాటనివ్వదు.

అక్వేరియం నుంచి కాలువలోకి వచ్చిన డెవిల్ ఫిష్ మన మత్స్యకారుల వలలు చింపుతున్న సంగతి తెలుగు పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. అది వచ్చాక గుర్తుపట్టాం. క్రేఫిష్ విషయంలో ఇంకా రాకముందే గుర్తుపట్టే అవకాశం ఉంది. బయటి ప్రాణిని జాగ్రత్తగా తెచ్చుకోవడం మన దేశానికి చేతకానిదేమీ కాదు. 2009లో వనామీ రొయ్యను అనుమతించినప్పుడు, తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు ఇచ్చే పద్ధతి పెట్టారు. కోట్ల వ్యాపారం కాబట్టి ఆ శ్రద్ధ పెట్టారు. పాలిథిన్ సంచిలో నీళ్లు పోసి అమ్మే క్రేఫిష్ గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు. అదీ తెల్లమచ్చను మోయగలదు. ఆ కాలువ నీళ్లే రొయ్యల చెరువులకు తోడుకుంటున్నాం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మత్స్యశాఖలు రెండూ బతికున్న క్రేఫిష్ అమ్మకాన్ని ఆపాలని నా అభిప్రాయం. ఆపేదాకా కనీసం అమ్మేవాడు ఏ జాతో చెప్పి, రాసి అమ్మాలి. ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి గట్టి మూత పెట్టండి. అవి రాత్రిపూట గొట్టం పట్టుకుని ఎక్కి బయటికి నడిచిపోగలవు. తొట్టి నీళ్లు కాలువలోకి, డ్రైనులోకి పారబొయ్యవద్దు. పెంచలేకపోతే మరో పెంపకందారుకు ఇవ్వండి, చనిపోతే మట్టిలో పూడ్చండి. మా మేనల్లుడు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. స్నేహితులకు కూడా చెబుతున్నాడు.

చేపలవాళ్లకు, కాలువల మీద పనిచేసే లస్కర్లకు, మత్స్య సహాయకులకు ఆ ఆకారం తెలిసి ఉండాలి. ముందరి జత కాళ్లే పెద్ద డెక్కలుగా ఉన్న, వెనక్కి ఈదే, రొయ్యా పీతా కానిది వలలో పడితే, ఎక్కడ పడిందో రాసుకుని ఫొటోతో కబురు పంపగలగాలి. భీమవరంలో, నెల్లూరులో రొయ్య పిల్లను పరీక్షించే ల్యాబులు వీధికొకటి ఉన్నాయి. వాటిలో పనిచేసే కుర్రాళ్లు రోజూ మైక్రోస్కోపు ముందే ఉంటారు. క్రేఫిష్‌ను పోల్చుకోవడం నేర్పడానికి వాళ్లకు ఒక్క పూట సరిపోతుంది. ఆ పూటను మత్స్యశాఖ ఈ ఏడాదే కేటాయించాలి.